తొమ్మిదో నంబరు సీటు

పదిహేడోసారి తిప్పేష్ ఎంటర్ నొక్కాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది, తెల్లటి ఇంగ్లీషు వరుస ఒకటి కక్కింది, మళ్ళీ నీలాకాశం కింద పచ్చగడ్డి దిబ్బ ఉన్న బొమ్మ దగ్గరికి వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఆ గడ్డిని చూస్తే అతడికి ఒళ్ళు మండింది. జూన్ సగం దాటినా ఉరవకొండ నుంచి నల్లమాడ దాకా ఒక్క పోచ మొలవలేదు. రెండు వేల మూడో సంవత్సరంలో జిల్లా మొత్తానికి పచ్చగా ఉన్నది లక్ష్మన్న నూనె మిల్లు ఆఫీసులోని ఈ కొత్త కంప్యూటరు ఒక్కటే.

"ఏమంటాదప్పా అది?" ఫోన్ల బోర్డు ముందు నుంచి హనుమక్క అడిగింది. చెవికి ఆనించుకున్న ఫోను తియ్యకుండానే అడిగింది.

"రెండు వందలో నంబరు తప్పంట అక్కా. సున్నాతో భాగించబోయినాదంట."

"సున్నాను పంచుకునేది మనకు కొత్తనా? ఏటేటా చేస్తాండేదే గదా," అంది హనుమక్క. అంతలో బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. "నమస్కారమప్పా, లక్ష్మన్న మిల్లు... ఎవరూ, ఆదెన్ననా? రేటు ఇంకా పలకలేదన్నా, పదకొండుకు చెయ్యి. మీ తట్టు వాన పడిందా? మబ్బు పట్టిందా! ఈడా పట్టిందిలే, పట్టీ పట్టనట్టు పోయింది."

మిల్లీమీటర్లు లేనిదే మిల్లు లేదని ఆ ఆఫీసులో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎక్కడ ఎన్ని చినుకులు పడ్డాయో ఊళ్ళ వాళ్ళు ఆమెకు చెప్తారు, చెనక్కాయలు ఎంతకు పలికాయో ఆమె వాళ్ళకు చెప్తుంది. పేరులోనే అక్క ఉంది కాబట్టి ముసలి లక్ష్మన్న షావుకారు మొదలుకొని ఊరూరి రైతుల దాకా ఆమె అందరికీ అక్కే. వరసలు కుదరకపోయినా ఫోన్లు కుదిరేవి.

తిప్పేష్ అనంతపురంలో ఆఫీసు ఫోన్ల మెకానిక్కు. 'పేరు తిప్పేష్, పని నంబర్లు తిప్పడం, మిగిలేది తిప్పలు' అని తన గురించి తనే పెద్ద గొంతుతో చెప్పుకొని, ఎదుటివాళ్ళ కంటే ముందు తనే నవ్వేస్తాడు. ఈ వారం అతడి తిప్ప పేరు ఫ్లాపీ. మిల్లు గోడకు బీరువా అంత ఫోన్ల పెట్టె ఉంది. బయటి లైన్లు పది, లోపలి నంబర్లు నలభై ఎనిమిది. ఎవరికి ఏ నంబరు, బయటి నుంచి వచ్చిన ఫోను ఎటు పోవాలి అన్నది ఆ పెట్టెకు చెప్పాలంటే ఒకే ఒక ప్రోగ్రాం. అది పదేళ్ళ కిందటిది, నల్ల తెర కాలానిది. అది కాపురమున్న పాత కంప్యూటరు మే నెల ఎండకు చచ్చిపోయింది, ప్రోగ్రాం నకలు ఒక ఫ్లాపీలో మిగిలింది. పెట్టె చేసిన కంపెనీ అంతకు ముందే మూతబడింది. పెట్టె మాత్రం తెల్ల చొక్కా వేసుకున్న ముసలాడిలా ఇంకా గట్టిగానే ఉంది. దాని భాష తెలిసిన ప్రోగ్రామే కొత్త కంప్యూటరులో లేవనంటోంది.

"బెంగుళూరోళ్ళు పెట్టెనే పారేయమన్నారు," అన్నాడు షావుకారు కొడుకు జయరాం, తలుపు దగ్గర నిలబడి. బెంగుళూరులో చదువుకొని ఆర్నెల్ల కిందట వచ్చి నాయన కుర్చీలో కూర్చున్నవాడు. "కొత్త విండోస్ ఎక్స్‌పీలో ఇది నడిపేటోడు పుట్టలేదంట. నీకైతాదా తిప్పేషూ, లేకుంటే చెప్పెయ్."

"పుట్టినాడు సార్. కణేకల్ రోడ్డులో పుట్టినాడు," అన్నాడు తిప్పేష్.

హనుమక్క ఫక్కున నవ్వింది. ఆమెదీ కణేకలే.

మంగళవారం పొద్దున అతడు నెట్ సెంటరులో మూడు గంటలు కూర్చుని జబ్బేమిటో కనుక్కొచ్చాడు. వచ్చీ రాగానే హనుమక్కకే చెప్పాడు. ఎవరికైనా చెప్పందే అతడికి విద్య అరగదు.

"ఈ ప్రోగ్రాం లేస్తానే మొదట ఏం చేస్తాదో తెల్సునా అక్కా? మిషను ఎంత వేగమో కొలుచుకుంటాది. కొలత పోసుకునేకి దానికాడ ఉండేది చిన్న గిన్నె. అప్పటి మిషన్లు నిదానం, సరిపోయె. ఇది గుర్రం. కొలత గిన్నెలో పట్టక పొర్లిపోతాది. పట్టలేదు అని ఒప్పుకుంటే మానం పోతాదని, సున్నాతో భాగించినా అని అబద్ధం చెప్పి చచ్చిపోతాది."

"అంటే చచ్చేది వేగానికి. చెప్పేది ఇంకోటి."

"అంతే అక్కా."

"మనుషుల మాదిరే చేసినారు," అంది హనుమక్క, ఇంకో లైను కలుపుతూ.

ఆ గిన్నెను కొంచెం పెద్దది చేసే చిన్న అతుకు ప్రోగ్రాం ఏదో దేశంలో ఎవరో పుణ్యాత్ముడు రాసి ఊరికే పంచుతున్నాడు. తిప్పేష్ దాన్ని ఫ్లాపీలో ఎక్కించుకొని చొక్కా జేబులో గుండె పక్కన పెట్టుకొని తెచ్చాడు. అతుకు వేశాడు. ఎంటర్ నొక్కాడు. తెర నల్లబడింది. అతడు ఊపిరి బిగబట్టాడు. నలుపు మీద నీలం గడి ఒకటి తెరుచుకుంది, అందులో పసుప్పచ్చ అక్షరాల జాబితా నిలబడింది. పదేళ్ళుగా చూసిన మొహమే.

"లేచినాది! అక్కా, లేచినాది!"

హనుమక్క కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసింది. తెరను కాదు, అతడి మొహాన్ని చూసింది. "గెలిచినావు పో. ఉగ్గాని తెచ్చినా, తిందురా."

ఆ ఉగ్గాని సగంలో ఉండగా జయరాం గదిలోంచి పిలుపు వచ్చింది.

తలుపు వేయమన్నాడు. బల్ల మీద బెంగుళూరు నుంచి కొరియరులో వచ్చిన అట్టపెట్టె విప్పి ఉంది. లోపల అరచేయంత ఆకుపచ్చ పలక. పెట్టెలో గుచ్చితే మాట్లాడే కార్డు.

"ఫోను వస్తే ఇదే ఎత్తుతాది," అన్నాడు జయరాం. "నమస్కారం చెప్తాది, కావాల్సిన నంబరు నొక్కమంటాది, కలిపేస్తాది. పాత సరుకులో వెతికిచ్చి తెప్పిచ్చినా. నీ ప్రోగ్రాం నడిస్తేనే ఇది నడుస్తాది."

తిప్పేష్ ఆ పలకను తిప్పి చూశాడు. దాని ఇత్తడి కాళ్ళన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. "మరి అక్క?" అన్నాడు.

"కాటా దగ్గర ఓబన్న వచ్చే నెల దిగిపోతాండాడు గదా. ఆ సీటు అక్కకు చూస్తా. నేను మాటిస్తాండా గదా. కానీ ఇప్పుడే ఆయమ్మకు చెప్పాకు. నలభై ఎనిమిది నంబర్లు ఎవరివేవో రాసింది పాత కంప్యూటరుతోనే పోయింది. ఇప్పుడు అవి ఉండేది ఆయమ్మ తలకాయలోనే. ముందర అవి బయటికి రావాల. గొంతు గూడ ఆయమ్మదే పెట్టు, ఊర్లోళ్ళకు అలవాటు."

తిప్పేష్ పలకను మళ్ళీ అట్టపెట్టెలో పెట్టాడు.

"గుంతకల్లులో మా మామోళ్ళ మిల్లుంది, తాడిపత్రిలో ఇంకోటి. రెండింట్లోనూ ఇదే పాత పెట్టె. బెంగుళూరోళ్ళకు చేతకానిది నువ్వు చేసినావని నేనే చెప్తా. సెల్లులు వచ్చినాక నీకు గూడ పని తగ్గింది గదప్పా."

తగ్గిందన్నది నిజం. బెంగుళూరు వాళ్ళకు చేతకానిదన్నది అంతకంటే తియ్యటి నిజం. బయటికి వచ్చేసరికి ఉగ్గాని మీద హనుమక్క ప్లేటు బోర్లించి పెట్టింది.

"ఏమంట?" అంది.

"ఏం లేదక్కా. తొందరగా చెయ్యమంటాండాడు."

ఆమె ప్లేటు తీసి ముందుకు జరిపింది.

బుధవారమంతా పోర్టుతో యుద్ధం. సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న అనంతపురానికి ఉన్న పోర్టు కంప్యూటరు వెనక ఉండే తొమ్మిది సూదులదే. అది కూడా సరుకు దించనంటోంది. కేబులు తగిలించి పెట్టెను పలకరిస్తే జవాబుగా తెర నిండా పిచ్చి గుర్తులు పడ్డాయి. చుక్కలు, నవ్వే మొహాలు, పేకముక్కల గుర్తులు. ప్రోగ్రామేమో ఒక్కో అక్షరం వచ్చినప్పుడల్లా అందుకుంటుంది. కొత్త కంప్యూటరేమో అక్షరాలను గుంపుగా పోగేసి ఒక్కసారిగా దాని మొహాన పోస్తోంది. పోగేయవద్దని చెప్పే గడి ఎక్కడుందో వెతికి, అందులో టిక్కు తీసేసేసరికి మధ్యాహ్నమైంది. వేగం నాలుగో వంతుకు తగ్గించాడు. మళ్ళీ పలకరించాడు. ఈసారి పెట్టె ఒక్కొక్క అంకె చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు. అరవై ఎనిమిది దాకా నలభై ఎనిమిది అంకెలు వచ్చి వరుసగా నిలబడ్డాయి. ఒక్కొక్క అంకె పక్కన పేరు రాయాల్సిన చోట ఖాళీ. అన్నిటికీ పైన ఒంటరిగా ఒక తొమ్మిది. ఆపరేటరు.

"నిదానంగా చెప్తే వింటాది," అన్నాడు తిప్పేష్. కానీ ఆ మాట పెద్దగా అనలేదు.

సాయంత్రం ఆరు కావస్తుండగా అతడే కుర్చీ లాక్కొని బోర్డు పక్కన కూర్చున్నాడు. "అక్కా, నంబర్లు ఎవరివేవో చెప్పల్ల. పేర్లు ఎక్కిస్తే ఇంగ తెర మీదనే కనపడతాయి నీకు. తలలో పెట్టుకునే పని లేదు."

"నాకా?"

"నీకే."

హనుమక్క అతడి వైపు ఒక్క క్షణం చూసింది. "సరే, రాసుకో," అంది.

ఫోన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రాయడం గురువారం సాయంత్రం దాకా సాగింది. ఆమె కాగితం చూడలేదు, కళ్ళు మూసుకోలేదు, ఒక్క నంబరు తడుముకోలేదు.

"ఇరవై ఒకటి గోడౌన్ వెంకటరాముడు. ఆయప్పకు ఎడమ చెవి వినపడదు. ఎత్తినాక చెయ్యి మార్చుకునేంత సేపు ఆగి మాట్లాడల్ల."

"అంత రాసేకి కాదక్కా. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకే చోటుంది."

"ఎనిమిదింట్లో వెంకటరాముడు పడతాడా?"

"వెంకట దాకా పడతాడు. రాముడు వనవాసం పోవాల్సిందే."

ఆమె నవ్వింది. అతడూ నవ్వాడు. తెర వైపు తిరిగి వెంకట అని కొట్టాడు.

"ముప్పై నాలుగు క్యాంటీను నాగలక్ష్మమ్మ. పన్నెండు నుంచి రెండు దాకా కలపాకు, అన్నం వడ్డించేదాన్ని పిలిస్తే తిడతాది. నలభై, మిషన్ల కాడ. మోత కదా, గంట వినపడదు, బల్బు వెలిగేటట్లు నువ్వే పెట్టిస్తివి." అక్కడ ఆగి నీళ్ళు తాగింది. "ఇది వచ్చినాక నా పని ఏమైతాదప్పా?"

తిప్పేష్ వేళ్ళు మీటల మీద నిలిచిపోయాయి. "సులువైతాదక్కా," అన్నాడు.

"సులువంటే?"

"తెర మీద పేర్లు ఉంటాయి గదా. చూసి కలిపేది."

"ఓ," అంది హనుమక్క. "నలభై ఒకటి రాసుకో. ల్యాబు, గంగాదేవి."

యాభై రెండు దగ్గర ఆమె గొంతు తగ్గింది. "అది గుమస్తా సుబ్బన్నది. ఆయప్ప పోయి మూడేండ్లాయె. ఎవరికీ ఇయ్యలేదు. వాళ్ళ పాప అప్పుడప్పుడు చేస్తాది, యాభై రెండు కావాలంటాది. మోగేకి విడిచిపెట్టి, నేనే మాట్లాడతా. ఖాళీ అని రాయి."

అతడు ఖాళీ అని కొట్టాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. ఇప్పుడు కాదు, కాటా సీటు ఖాయమైనాక రెండూ కలిపి చెప్తే బాధ తగ్గుతుంది అనుకున్నాడు. చెడ్డమాటను మంచిమాటలో చుట్టి ఇద్దామనుకునేవాడు రెండూ తన దగ్గరే పెట్టుకొని కూర్చుంటాడు. అతడూ అలాగే కూర్చున్నాడు.

"అరవై ఏడు పంపు హౌసు. అరవై ఎనిమిది గేటు. అయిపాయె," అంది హనుమక్క.

"పైన తొమ్మిది ఉండాది అక్కా."

"తొమ్మిది నాదే. ఏం రాస్తావో నీ ఇష్టం."

అతడు ఆపరేటరు అని కొట్టాడు. ఆ మాటకు మాత్రం ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా సరిపోయాయి.

శుక్రవారం కార్డులోకి అక్క గొంతు పట్టాలి. మిల్లు మోత వినపడకుండా రికార్డుల గదిలో కిటికీలు మూసి, హనుమక్క చేతికి ఫోను ఇచ్చి, కాగితం మీద రాసింది చదవమన్నాడు. ఆమె కాగితం వైపు ఒకసారి చూసి పక్కన పెట్టేసింది.

"నమస్కారం. లక్ష్మన్న నూనె మిల్లు. మీకు కావాల్సినోళ్ళ నంబరు నొక్కండి. తెలియకపోతే లైన్లోనే ఉండండి."

కాకి అరిచింది. మళ్ళీ చెప్పించాడు. ఈసారి లారీ హారను. మూడోసారి బాగా వచ్చింది. ఎవరో ఇంటికి వచ్చిన మనిషిని లోపలికి రమ్మన్నట్టు వచ్చింది.

"ఇది ఎందుకు తిప్పేషా?" అడిగింది ఆమె, ఫోను తిరిగి ఇస్తూ.

"ఆదివారాలకు అక్కా. నువ్వు లేనప్పుడు మోగి మోగి ఆగిపోతాంది గదా."

"ఆదివారాలకేనా?"

"ఆదివారాలకు, పండగలకు."

"అట్లనా," అంది హనుమక్క. కొంగుతో మెడ తుడుచుకుంది. "వారానికి ఎన్ని ఆదివారాలు వస్తాయో ఇంగ."

తిప్పేష్ వంగి వైర్లు చుట్టసాగాడు. చుట్టిన వైరునే విప్పి మళ్ళీ చుట్టాడు.

శనివారం పది గంటలకు జయరాం స్వయంగా వచ్చి నిలబడ్డాడు. తిప్పేష్ కార్డు గుచ్చి, పట్టిక మొత్తం పెట్టెలోకి పంపాడు. బయటి లైన్లు పదీ ఇక ముందుగా గొంతు దగ్గరికి పోతాయి. ఎవరూ ఏమీ నొక్కకపోతే ఎటు పోవాలని ప్రోగ్రాం అడిగింది. ఏదో ఒకటి చెప్పందే అది కదలదు. తొమ్మిది అని రాశాడు.

బోర్డు మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. హనుమక్క చెయ్యి అలవాటుగా మీట దాకా పోయి వెనక్కి వచ్చింది.

"అక్కా, ఇంగ మీరు ఇంటికాడ రెస్టు తీసుకోండి," అన్నాడు జయరాం. "సోమవారం నుంచి రావాల్సిన పని లేదు. నాయనకు చెప్పినా."

ఆఫీసులో నలుగురు తలలెత్తారు. నలుగురూ దించుకున్నారు.

"సార్, కాటా..." అన్నాడు తిప్పేష్. అతడి గొంతు అతడికే చిన్నగా వినపడింది. "అక్కకు కాటా దగ్గర..."

"ఆ. చూస్తానంటి గదప్పా. చూసినా," అన్నాడు జయరాం మామూలుగా. "ఆడ కంప్యూటరు తెలిసినోడు కావాల."

చూస్తానన్నవాడు చూశాడు. ఇస్తానని విన్నది తిప్పేష్ చెవి. నోట్లో ఒక బూతు తిరిగింది. దానిని బయటికి తిప్పేంత ధైర్యం లేకపోయింది.

హనుమక్క ఎవరినీ ఏమీ అడగలేదు. కుర్చీలో వేసుకున్న చిన్న బొంత మడిచింది. టిఫిను డబ్బా, కళ్ళజోడు పెట్టె, దగ్గు బిళ్ళల పొట్లం సంచిలో వేసుకుంది. బోర్డు మీద దుమ్ము కనపడితే చేత్తోనే తుడిచింది. ఫోను సరిగ్గా పెట్టి ఉందో లేదో చూసింది. తిప్పేష్ పక్కనుంచి పోతూ ఆగలేదు. చెప్పులు వేసుకొని, ఎండలోకి దిగి, గేటు దాటింది. ఆమె నలభై ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు ఇచ్చింది. ఆమెకు ఒక్క నెల ఎక్స్‌టెన్షను ఇచ్చినవాడు లేడు.

మొదటి ఫోను పది నిమిషాలకు వచ్చింది. తిప్పేష్ టెస్టు ఫోను తగిలించి విన్నాడు. ఆమె గొంతు నమస్కారం అంది. అవతలి రైతు, "నమస్కారమక్కా, బాగుండావా?" అన్నాడు. నంబరు నొక్కమంది. "నొక్కేదేముందక్కా, రేటు చెప్పు," అన్నాడు అతను. ఆమె లైన్లోనే ఉండమంది. అతను ఉన్నాడు. పది సెకన్లకు తొమ్మిదో నంబరు, ఖాళీ కుర్చీ ముందు, గణగణ మోగింది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. సగం ఊళ్ళలో ఇంకా తిప్పే ఫోన్లే, నొక్కితే పలకవు. నొక్కే ఫోన్లున్న వాళ్ళూ నొక్కలేదు. మనిషి పలకరిస్తుంటే మధ్యలో మీటలు నొక్కడం వాళ్ళకు మర్యాదగా తోచలేదు.

"రెండు దినాలు నువ్వే కూచో తిప్పేషూ, జనాలకు అలవాటయ్యేదాకా," అని జయరాం జీపు తాళాలు తీసుకొని వెళ్ళిపోయాడు.

తిప్పేష్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. బొంత లేని చెక్క గట్టిగా తగిలింది. పక్కనున్న కంప్యూటరులో జాబితా అడుగున ఒక వరుస ఉంది: మొత్తం చెరిపివేయి. దాని మీదికి పోయి నొక్కాడు. ఖాయమా అని ప్రోగ్రాం అడిగింది. అవునంటే నలభై ఎనిమిది నంబర్లూ, గొంతూ గాల్లో కలుస్తాయి. మళ్ళీ కావాలంటే మళ్ళీ అక్క కాళ్ళ దగ్గరికి రావాల్సిందే. మోసం చేసినవాడికి అదే మందు. నన్ను నమ్మించి, నా చేతులతోనే చేయించి... వేలు మీట మీద ఆనించాడు.

తొమ్మిది మోగింది.

"ఎవరూ, తిప్పేషా?"

"అక్కా! యాడ నుంచి?"

"గేటు ఎదురుగా బూత్‌లో నుంచి. నా గొంతు ఎట్లుందో విందామని చేసినా. బాగనే ఉండాది."

"అక్కా, వాడు నన్ను మోసం చేసినాడక్కా. కాటా సీటు నీకే అని మాటిచ్చినాడు. ఆ మాట మీదనే నేను..."

"కాటా సీటా?" హనుమక్క గొంతులో కోపం లేదు. ఊళ్ళో వాన గురించి మాట్లాడినట్టే ఉంది. "అది వాళ్ళ బావమరిదికి పోయిన నెల్లోనే చెప్పేసినారు గదప్పా. ఆ ఫోను కలిపింది నేనే గదా."

తిప్పేష్ ఫోనును చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాడు.

"బెంగుళూరుకు కార్డు కోసం ఫోను చేసినప్పుడు కలిపింది ఎవరనుకున్నావు? కలిసిందా లేదా అని ఒక్క చెవి వేసేది నా పని. ఆపరేటరమ్మను తీసేస్తాండాం, కార్డు బిన్న పంపండి, తొందర అన్నాడు. సోమవారం నువ్వు ఫ్లాపీ పట్టుకోని వచ్చేతలికే నాకు తెలుసు."

"తెలిసీ... నంబర్లన్నీ ఎందుకు చెప్పినావక్కా?"

"చెప్పకపోతే ఏం? ఒక్కొక్క టేబులు కాడికి పోయి అడిగి రాసుకుందురు. రెండు దినాలు ఆలస్యం, అంతే." బూత్‌లో ఆమె ఊపిరి తీసుకున్నది వినిపించింది. "నువ్వు నా పక్కన కూచోని రాసుకుంటాంటివి గదా. ఇరవై ఒకటి కాడ చెప్తాడులే అనుకున్నా. ముప్పై నాలుగు కాడ చెప్తాడు అనుకున్నా. నలభై కాడ నేనే అడిగినా. అరవై ఎనిమిది దాకా పోయినామప్పా. నువ్వు చెప్పలే."

తిప్పేష్ ఫోను పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు.

"జయరాం నాకేం మాట ఇయ్యలేదు నాయనా. ఆయప్పది మోసమెట్లయితాది?" అంది హనుమక్క. తరువాత, కుర్చీలో ఉన్నప్పటి గొంతుతో, "పెట్టేస్తాండా. లైను పట్టుకోని కూచోవాకు. పదకొండైతాంది, అందరూ చేస్తారు."

ఆమె పెట్టేసింది. తెర మీద ప్రశ్న ఇంకా వెలుగుతూనే ఉంది. అవునన్నా కాదన్నా ఇక దానితో హనుమక్కకు పని లేదు. తిప్పేష్ వేలు తీసేశాడు.

తొమ్మిది మళ్ళీ మోగింది. ఎత్తాడు.

"అక్కా, ముదిగుబ్బ నుంచి. ఈపొద్దు ఎంత పలికింది?" మగగొంతు, తొందరలో ఉంది.

"అక్క లేదన్నా."

"యాడికి పోయింది? ఒంట్లో బాగలేదా?"

రెస్టులో ఉందనవచ్చు. కంప్యూటరు వచ్చిందనవచ్చు. పైవాళ్ళు తీసేశారనవచ్చు. వారమంతా అతడి నోటికి మాటలు కరువే లేదు.

"బాగనే ఉండాది. నేను తీసేపిచ్చినా," అన్నాడు తిప్పేష్.

అవతలి మనిషి రేటు మాట మళ్ళీ ఎత్తకుండానే ఫోను పెట్టేశాడు.